నొప్పి ఎంత?

"నేనే," అన్నాడు ఆల్విన్.

ఆదివారం మధ్యాహ్నం నుంచి పోలీసులకు అతను చెబుతున్నది ఆ ఒక్క మాటే. బుధవారం ఉదయం తొమ్మిదింటికి రజనీకుమారి అడిగినా అదే చెప్పాడు. కుడిచేతికి మణికట్టు దాటేదాకా కట్టు కట్టి ఉంది. మొహంలో బాధ లేదు, భయం లేదు. వార్డు గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఒకడు స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాసుకుంటున్నాడు.

"ఏటి నువ్వే? సరిగ్గా సెప్పు బాబూ," అంది రజనీకుమారి మంచం పక్కన కూర్చుంటూ.

"బంగార్రాజు అంకుల్ నా వల్లే పోయారు. బస్, అంతే ఆంటీ."

"గడియ నువ్వే ఏసావా?"

ఆల్విన్ గోడవైపు తిరిగిపోయాడు.

రజనీకుమారి అగ్నిమాపక శాఖలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. కాలిపోయిన గదిలోకి వెళ్లి మంట ఎక్కడ పుట్టిందో, ఎటు నడిచిందో చెప్పడం ఆమె పని. ఉద్యోగం వదిలేశాక అదే పని సొంతంగా చేస్తోంది. సోమవారం ఆమె ఇంటికొచ్చి ఏడ్చినది ఆల్విన్ అక్క వెరోనికా. "మా తమ్ముడు సీమని కూడా సంపడండీ," అని ఒకటే మాట. పక్కన ఆమె భర్త డేవిడ్‌రాజ్ తల వంచుకుని నిలబడ్డాడు.

జరిగింది ఇదీ. భిలాయిలోని హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఉక్కు ముక్కల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచే చిన్న ఫ్యాక్టరీ ఉంది. ఆదివారం సెలవు. ఆ రోజు పదకొండుంబావు ప్రాంతంలో అక్కడి నూనె గదిలో మంట లేచింది. లోపల ఫోర్‌మన్ బంగార్రాజు ఉన్నాడు. తలుపుకి బయట గడియ వేసి ఉంది. పక్క ఫ్యాక్టరీ వాచ్‌మన్ పొగ చూసి ఫైరింజన్‌కి ఫోన్ చేసి, పరుగెత్తుకుని వచ్చేసరికి పదకొండు ముప్ఫై రెండు. తలుపుకి ఆరడుగుల దూరంలో ఆల్విన్ నేలమీద కూర్చుని కనపడ్డాడు. అరచెయ్యి ఎముక తేలేలా కాలిపోయింది. అరవలేదు, ఏడవలేదు. అడిగితే "నేనే" అన్నాడు.

ఆల్విన్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. ఏడేళ్లుగా స్కిజోఫ్రీనియాకి మందులు వాడుతున్నాడు. తండ్రి కొండయ్య ఉక్కు ప్లాంటులో రిటైరై చనిపోయాక, కోహ్కాలో అక్కాబావల దగ్గరే ఉంటున్నాడు. డేవిడ్‌రాజ్ ఆ ఫ్యాక్టరీలోనే సూపర్‌వైజర్. బావమరిదికి అక్కడ ఊడ్చే పని ఇప్పించింది అతనే.

వరండాలో డాక్టర్ శ్రీవిద్య ఎదురుచూస్తోంది. ఏడేళ్లుగా ఆల్విన్‌కి వైద్యం చేస్తున్న మానసిక వైద్యురాలు.

"అతనికి నొప్పి తెలియదని మీ ఫైల్లో ఉందని పోలీసులు అంటున్నారు," అంది రజనీకుమారి.

"మొదటి పేజీలో ఉంది. రెండో పేజీ తిప్పలేదు వాళ్లు." శ్రీవిద్య గొంతు తగ్గించింది. "రెండేళ్ల కిందట ఒక పరీక్ష చేశాను. ముంజేతి మీద చిన్న వేడి పలక పెడతాం. చర్మం కాలేంత వేడి కాదు. నొప్పి మొదలవగానే బటన్ నొక్కాలి. ఆల్విన్ మిగతావాళ్లకన్నా చాలా ఆలస్యంగా నొక్కాడు. మూడుసార్లూ అంతే. నొప్పి తక్కువ తెలుస్తుందని రాసేశాను."

"తరవాత?"

"అప్పుడు వెరోనికా ఆపరేషన్ కోసం విశాఖలో ఉంది. అక్కతో మాట్లాడాలని ఇతనికి బెంగ. నొప్పి మొదలైన క్షణానే నొక్కితే సాయంత్రం అరగంట వీడియోలో మాట్లాడిస్తానన్నాను. అలా బేరం పెట్టినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. కానీ అదే పలక, అదే వేడి. అందరూ నొక్కిన చోటే నొక్కాడు."

"అంటే నొప్పి తెలుస్తోంది."

"తెలుస్తోంది. చెప్పి ఏం లాభం అనుకుంటే చెప్పడు. ఈ జబ్బులో చిన్న పనికైనా మనసు పూనుకోవడమే కష్టం. బటన్ నొక్కడం కూడా పనే కదా. అందరి సంగతీ ఇంతేనని నేననను. కొందరికి నిజంగానే తక్కువ తెలుస్తుంది. ఆల్విన్ మాత్రం ఆ కొందరిలో లేడు. చెప్పడానికి కారణం ఉంటే చెబుతాడు. ఓర్చుకోవడానికి కారణం ఉంటే ఓర్చుకుంటాడు."

రజనీకుమారి కట్టు కట్టిన ఆ చేతివైపు మరోసారి చూసి, స్కూటర్ తాళం తీసుకుంది.

* * *

పదింబావుకి ఆమె హథ్‌ఖోజ్ చేరేసరికి ఇన్‌స్పెక్టర్ సూర్యప్రకాష్ గేటు దగ్గరే ఉన్నాడు. భిలాయిలో పుట్టి పెరిగినవాడు. తెలుగు ఇంట్లోనే, అదీ తల్లితోనే. నిరుడు ఒక గోడౌన్ కేసులో రజనీకుమారి సాక్ష్యం వల్ల అతను పెట్టిన కేసు కోర్టులో వీగిపోయింది. అది అతను మరిచిపోలేదు.

"ఆయియే, దీదీ. అరగంట టైమ్. పన్నెండుకి సీల్ తీసేస్తున్నాను. మధ్యాహ్నానికి నా కాగితాలన్నీ తయ్యార్."

"నూనె గది చూడ్డానికి అరగంట సాలు బాబూ. నువ్వు తొందర పడకుంటే అదే పదివేలు."

గదికి ఒకటే తలుపు, మందపాటి రేకుది. ఫైర్ సిబ్బంది కీళ్లవైపు కట్టర్‌తో కోసి దాన్ని ఒక పక్కకి వంచారు. గడియ ఉన్న వైపు చట్రానికి అలాగే అతుక్కుని ఉంది. లోపలి వేడికి రేకు కడుపులా బయటికి ఉబ్బింది. రజనీకుమారి లోపలికి వెళ్లలేదు. గడియ ముందు గొంతుక్కూర్చుని టార్చి వేసింది.

బొటనవేలంత లావు ఇనుప చువ్వ. దానికి ఒక పొట్టి పిడి. పిడి మీద నల్లగా ఎండిపోయిన పొర. ఆల్విన్ అరచేతి చర్మం. ఆమె భూతద్దం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"పిడికి వేసిన ఆకుపచ్చ రంగు చూడు," అంది.

"దేఖా, చూశాను. ఉడికిపోయి బుడగలు తేలింది."

"చర్మం ఆ బుడగల కింద ఉందా, మీద ఉందా?"

సూర్యప్రకాష్ వంగి చూశాడు. "మీద."

"అంటే ముందు రంగు ఉడికింది. తరవాత చెయ్యి పడింది. గడియ ఏసేటప్పటికి ఇనుము చల్లగా ఉండాలి. ఇతను పట్టుకునేటప్పటికి లోపల మంట ముదిరిపోయింది."

"అదే నేనూ రాశాను, దీదీ. నిప్పు పెట్టాడు, మంట చూస్తూ నిలబడ్డాడు, ఆయన బయటికి రాబోతుంటే గడియ వేశాడు. వేడిగా ఉందని వాడికి తెలియలేదు. నొప్పి తెలియనివాడు కదా. ఖతం."

రజనీకుమారి టార్చిని చువ్వ కొసకి తిప్పింది. తలుపు అంచుల్లోంచి ఎగదన్నిన పొగకి చువ్వంతా నల్లగా మసిబారింది. చట్రంలో చువ్వ దూరే కన్నం దగ్గర మాత్రం ఒక ముక్క తళతళా ఇనుప రంగులో మెరుస్తోంది. ఆమె టేపు పెట్టి కొలిచింది. రెండంగుళాలు.

"ఈ ముక్కకి మసి ఎందుకు పట్టలేదు, ఇన్‌స్పెక్టర్ గారూ?"

అతను కన్నంలోకి తొంగి చూశాడు.

"పొగ వస్తున్నంతసేపూ ఈ రెండంగుళాలూ కన్నం లోపల దాక్కుని ఉన్నాయి. మసి అంతా పట్టాక బయటికి వచ్చాయి. నువ్వన్నట్టు మంట లేచాక గడియ వేసుంటే, మసి పట్టిన చువ్వ లోపలికి పోవాలి. ఇక్కడ శుభ్రమైన చువ్వ బయటికొచ్చింది. ఆల్విన్ దీన్ని మూయలేదు, లాగాడు. ఇంకో అరంగుళం లాగితే తలుపు తెరుచుకునేది."

"ఫైర్‌వాళ్లు కదిపి ఉంటారు."

"వాళ్లు కీళ్లవైపు కోశారు. గడియ ముట్టుకోలేదని నీ పంచనామాలోనే రాసుంది. నేను చదివాను."

సూర్యప్రకాష్ వాచీ చూసుకున్నాడు. "రెండంగుళాల మెరుపు చూసి నేరం ఒప్పుకున్నవాణ్ణి వదిలేయాలా?"

"ఏటొప్పుకున్నాడు? నేనే అన్నాడు. నేనే చంపాను అన్నాడా? నేనే కాపాడలేకపోయాను అన్నాడా? నువ్వు అడిగావా?"

"పాగల్ ఆద్మీని ఎన్నని అడుగుతాం?"

"ఆ మాట కోర్టులో అనకు. ఆదివారం అతను ఇక్కడికెందుకు వచ్చాడో అది కూడా అడగలేదు నువ్వు. పక్క ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ని నిన్న నేను అడిగాను. ప్రతి ఆదివారం బంగార్రాజు వచ్చి ఆల్విన్‌కి వెర్నియర్ పెట్టి కొలతలు తీయడం నేర్పేవాడట. చీపురు వదిలించి మిషన్ మీద నిలబెడతానని మాటిచ్చాడట. అలాంటి మనిషిని లోపల పెట్టి గడియ వేస్తాడా?"

"జబ్బు మనిషి. ఏ ఘడియకి ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు?"

"నొప్పి తెలియదని నీకెవరు చెప్పారు?"

"వాళ్ల బావే. పెళ్లయిన కొత్తలో ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పడినా కదల్లేదట. అప్పుడు ఫైల్ తెప్పించి చూశాను."

రజనీకుమారి లేచి నిలబడింది. "బంగార్రాజు సోమవారం ఏదో ఆఫీసుకి వెళ్లాలన్నాడని వాచ్‌మన్ చెప్పాడు. ఎక్కడికి?"

"లేబర్ ఆఫీసుకి. జూన్‌లో ఇక్కడ బరువులెత్తే గొలుసు తెగి ఒక కూలీ పోయాడు. దాని మీద బయాన్, అదే వాంగ్మూలం, ఇవ్వాలి."

"ఆ రోజు ఎవరి షిఫ్టు?"

"అది వేరే ఫైల్, దీదీ."

"తెప్పించి చూడు. అంతదాకా సీల్ తీయకు."

"ఓనర్ రాయ్‌పూర్ నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. కొలిమి వెలిగించాలట." అతను కానిస్టేబుల్‌ని పిలిచాడు. "ఈ గడియ కోయించి సీల్ చేసి స్టేషన్‌కి తీసుకురా. దీదీ ముచ్చట తీరుతుంది. తాళాలు సూపర్‌వైజర్‌కి ఇచ్చెయ్."

గడియ కోసి సంచీలో వేసి లక్క ముద్ర పడేదాకా రజనీకుమారి అక్కడినుంచి కదల్లేదు. పదకొండున్నర దాటాక గేటు బయట నిలబడి వెరోనికాకి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆదివారం చర్చిలో మీవారు మీతోనే ఉన్నారా?"

"నేను పాటలోళ్లతో ముందు కూర్చుంటానండి. ఆయన వెనకాల బెంచీలో. అంతా అయ్యేసరికి పన్నెండయింది. బయటికొస్తే గుమ్మం దగ్గరే ఉన్నారు."

"మధ్యలో కనపడ్డారా?"

"ఏటండీ అలగ అడుగుతున్నారు? వెనక్కి తిరిగి సూడం కదా. ఉండండి, ఆయన్నే అడిగి సెప్తాను."

"వద్దమ్మా, అడగొద్దు," అనేలోపే ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే బిజీ. మూడోసారి స్విచాఫ్.

ఆ ప్రశ్న ఫోన్లో అడగాల్సింది కాదని రజనీకుమారికి అప్పుడు తట్టింది. తనకున్నది అనుమానం ఒక్కటే. ఆదివారం ఆ గది ముందు ఏం జరిగిందో చూసిన మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె స్కూటర్ తిప్పింది.

* * *

పన్నెండూ నలభైకి వార్డులో నర్సు ఛాయ ఆల్విన్ మంచం తలవైపు వేలాడుతున్న కాగితంలో ఏదో రాస్తోంది.

"ఏమిటది?"

"నొప్పి చార్టు, దీదీ. నాలుగు గంటలకోసారి అడుగుతాం. నొప్పి ఎంత, సున్నా నుంచి పది దాకా చెప్పమంటాం. ఈ భయ్యా ఎప్పుడూ సున్నాయే. ఇంత కాలిన చేతికి సున్నా ఏంటో."

రజనీకుమారి కాగితం అందుకుంది. సున్నా, సున్నా, సున్నా, సున్నా. వాటి మధ్య నాలుగుచోట్ల ఎర్ర సిరా. ఆదివారం రాత్రి ఏడుంబావు, తొమ్మిది. సోమవారం పొద్దున ఎనిమిదీ నలభై, ఎనిమిది. సోమవారం సాయంత్రం ఆరూ ఐదు, తొమ్మిది. మంగళవారం పొద్దున ఎనిమిదిన్నర, పది.

"ఈ ఎర్రవి?"

"అవి మేం అడగలేదు. తనే గట్టిగా పిలిచాడు. వెంటనే ఇంజెక్షన్ ఇచ్చాం."

"ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు పక్కన మనుషులుంటే?"

"బయటికి పంపేస్తాం. తరవాత నిద్రపోతాడని మళ్లీ రానివ్వం."

రజనీకుమారి గుమ్మం దగ్గరికి నడిచి కానిస్టేబుల్ ముందున్న రిజిస్టర్ తిప్పింది. వెరోనికా ఏడుసార్లు వచ్చింది. ఆమె ఉన్నప్పుడల్లా చార్టులో సున్నా. డేవిడ్‌రాజ్ నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ ఒంటరిగా. ఆదివారం ఏడూ పది. సోమవారం ఎనిమిదీ ముప్ఫై ఐదు. సోమవారం ఆరు. మంగళవారం ఎనిమిదీ ఇరవై ఐదు.

ప్రతిసారీ అతను వచ్చిన అయిదు నిమిషాలకి ఆల్విన్‌కి నొప్పి పుట్టింది.

ఆమె తిరిగొచ్చి మంచం అంచున కూర్చుంది. అప్పుడే సూర్యప్రకాష్ చేతిలో కాగితాలతో, సిరా డబ్బాతో లోపలికి వచ్చాడు. ఆల్విన్ ఎడమచేతి వేలిముద్ర కోసం. ఆమె చెయ్యెత్తి ఆగమంది. ఆమె మొహం చూసి ఎందుకో అతను ఆగాడు.

"ఆల్విన్, ఆ గడియ నేను సూసొచ్చాను. రెండంగుళాలు లాగావు."

ఆల్విన్ కళ్లు ఆమెవైపు తిరిగాయి.

"ఇంకో అరంగుళమే. అంతలో వదిలేశావు. తప్పు లేదు బాబూ. కాలుతుంటే ఎవరైనా వదిలేస్తారు."

"లేదు," అన్నాడు ఆల్విన్.

"నొప్పికి ఎవరైనా..."

"లేదు!" లేచి కూర్చున్నాడు. రజనీకుమారి వినగా మొదటిసారి అతని గొంతు పైకి లేచింది. "నొప్పి ఉంది. చాలా ఉంది ఆంటీ. చెయ్యి అంటుకుపోయింది. అంకుల్ లోపల్నుంచి కొడుతున్నారు. నా పేరు పిలుస్తున్నారు. నేను వదల్లేదు. కసమ్ సే, ఒట్టు, నేను వదల్లేదు."

"మరి?"

అతను ఎడమచేత్తో చొక్కా భుజం కిందికి లాగాడు. అది కాదనుకుని, వంగి జబ్బ చూపించబోయాడు. ఛాయ సాయం పట్టి చొక్కా తప్పించింది. కుడి జబ్బ వెనక నాలుగు మచ్చలు, వేళ్ల వెడల్పున, నీలం నుంచి పసుపులోకి తిరుగుతున్నాయి.

"లాగేశాడు," అన్నాడు ఆల్విన్. "వెనకనుంచి. నా చర్మం అక్కడే ఉండిపోయింది. మళ్లీ వెళ్లబోతే కింద పడేసి మీద కూర్చున్నాడు. అంకుల్ తలుపు కొట్టడం ఆగిపోయేదాకా. తరవాత వెనక గోడ దూకి వెళ్లిపోయాడు. నేను మళ్లీ గడియ పట్టుకోవాలి కదా ఆంటీ? అప్పుడు చెయ్యి మూసుకోలేదు. వేళ్లు వంగలేదు. అందుకే నేనే."

సూర్యప్రకాష్ చేతిలో కాగితాలు మడతపడుతున్నాయి. పేరు ఎవరూ అడగలేదు. రజనీకుమారి రిజిస్టర్ తెచ్చి ఆ నాలుగు వరుసల పక్కన చార్టు పెట్టింది. ఇన్‌స్పెక్టర్ వేలితో ఒక్కొక్క టైమూ చూసుకుంటూ వెళ్లి, చివరి వరుస దగ్గర ఆగిపోయాడు.

"జూన్ షిఫ్టు కూడా అతనిదే," అన్నాడు నెమ్మదిగా. "దారిలో ఫోన్ చేసి కనుక్కున్నాను. గొలుసు పాడైందని బంగార్రాజు ముందే రాసిచ్చాడట. అయినా ఆ సూపర్‌వైజరే పని ఆపనివ్వలేదు."

"అక్కకి చెప్పకండి," అన్నాడు ఆల్విన్ గభాలున. "ప్రామిస్ చేయండి. నేనే అని చెబితే అక్కని బాగా చూసుకుంటానన్నాడు. లేకపోతే అక్కని కూడా గదిలో పెట్టి గడియ వేస్తానన్నాడు. ప్రతిసారీ వచ్చి అదే చెప్తాడు. చెవిలో. అది వినలేక నొప్పి అని పిలిచాను."

రజనీకుమారి అప్పటికే ఫోన్ తీసింది. సైలెంట్‌లో ఉన్న ఆ ఫోన్‌లో వెరోనికా నుంచి మెసేజ్ వచ్చి ఉంది.

'మేడమ్, ఆయన్ని అడిగాను. మీరు మమ్మల్నిద్దర్నీ ఫ్యాక్టరీకి రమ్మన్నారంట కదా, ఆ గది దగ్గర ఏదో చూపించాలని. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు, ఆయన ఫోన్‌తో పంపుతున్నాను. బయల్దేరుతున్నాం.'

"నేనెవరినీ రమ్మనలేదు," అంది రజనీకుమారి. "సూర్యప్రకాష్, ఫ్యాక్టరీ తాళాలు?"

"ఇచ్చేశారు. పన్నెండింటికి. అతని చేతికే."

"అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"అందర్నీ వెనక్కి పిలిచేశాను."

కింద పడిన సిరా డబ్బాని ఎవరూ చూసుకోలేదు. ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదికి పరుగెడుతూ స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడు. ఆమె డేవిడ్‌రాజ్ నంబరు నొక్కి చెవికి ఆనించుకుని వెనకే దిగుతోంది. పైన వార్డులో ఆల్విన్ "అక్కా" అని అరిచిన అరుపు మెట్ల మలుపు దాకా వినిపించింది.

మెసేజ్ వచ్చింది పన్నెండూ ఇరవైకి. కోహ్కా నుంచి హథ్‌ఖోజ్‌కి బండి మీద ఇరవై నిమిషాలు. జీపు స్టార్టయ్యేసరికి టైము ఒంటిగంటా మూడు నిమిషాలు.

అవతల ఫోన్ మోగుతూనే ఉంది.